హైదరాబాద్‌లో మీ కళ్ళముందే ఉన్న వింత ఒకటి చెప్పండి, అది మీకు చూపించిన మనిషి గురించి కూడా

మియాపూర్_మాధవి

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు, ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నా. మాది మూడో అంతస్తు, బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ ఉంది. వానలు మొదలయ్యాక ఆకుల మీద అక్కడక్కడా పిట్ట రెట్ట వేసినట్టు గోధుమరంగు, తెలుపు కలిసిన మచ్చలు కనిపిస్తే కడిగేద్దామని మగ్గుతో నీళ్ళు తెచ్చా. అప్పుడే మా వాచ్‌మన్ వాళ్ళ పాప, ఆరో తరగతి చదువుతుంది, పాల పాకెట్లు ఇవ్వడానికి వచ్చి "ఆంటీ ఆగండి, అది రెట్ట కాదు పురుగు, సీతాకోకచిలుక అయితది" అంది. వాళ్ళ ఊళ్ళో నిమ్మచెట్టు మీద ఎన్నోసార్లు చూసిందంట. ఒక పుల్ల తీసుకుని దాని వీపు మీద మెల్లగా తాకించింది. అంతే, తల వెనక నుంచి నారింజ రంగులో మెత్తటి కొమ్ములు రెండు బయటికొచ్చాయి, గుప్పున ఒక ఘాటు వాసన, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి.

అప్పట్నుంచి పొద్దున లేవగానే మొదట కుండీ దగ్గరికే. అవి పెద్దయ్యాక రంగు మార్చుకుని పచ్చగా అయిపోయాయి, ఆకు పక్కనే ఉన్నా వెతుక్కోవాలి. ఒకటి కొమ్మకి ఆనుకుని, నడుం చుట్టూ సన్నటి దారం కట్టుకుని అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకి ఆ పొర పల్చబడి లోపలి నల్ల రెక్కలు పైకి కనిపించాయి. అది బయటికి వచ్చిన పొద్దున మా బాల్కనీలో మేమిద్దరం, ఆ పాప, వాళ్ళమ్మ, పక్క ఫ్లాట్ వాళ్ళు. వాళ్ళతో అంతకుముందు లిఫ్ట్‌లో తలూపడం తప్ప మాటల్లేవు. తడిసి ముడుచుకుపోయిన రెక్కలు మెల్లగా సాగుతుంటే ఎవరం కదల్లేదు, పక్కింటాయన ఆఫీస్ కాల్ వస్తే కట్ చేసేశారు.

మన సిటీలో మీరు ఇంత దగ్గరగా చూసినవి ఏంటి? మీకు ఎవరు చూపించారు? అది కూడా రాయండి ప్లీజ్. నాకైతే ఆ పాప చెప్పకపోతే ఆ పురుగులు మోరీలోకి పోయేవి.

జువాలజీ_మాస్టారు

మాధవి గారూ, చాలా సంతోషం వేసిందండీ చదువుతుంటే. మీరు చూసింది నిమ్మ సీతాకోకచిలుక, శాస్త్రీయ నామం పాపిలియో డెమోలియస్. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు ఇవన్నీ ఒకే కుటుంబం చెట్లు కాబట్టి వాటి మీదే గుడ్లు పెడుతుంది. చిన్నప్పుడు రెట్ట వేషం ఎందుకంటే పిట్టలు తమ రెట్టని తామే తినవు కదా. ఒళ్ళు పెరిగాక ఆ వేషం పనికిరాదు, అంత పెద్ద రెట్ట ఉండదు, అందుకే ఆకు రంగులోకి మారిపోతుంది. కొమ్ముల వాసన చీమలు, సాలీళ్ళు దగ్గరికి రాకుండా. ప్యూపా, అంటే దారం కట్టుకుని కదలకుండా ఉండిపోయే దశ, దాని రంగు కూడా గమనించండి, పచ్చి ఆకుల మధ్య కట్టుకుంటే పచ్చగా, ఎండు పుల్ల మీదో గోడ మీదో కట్టుకుంటే గోధుమరంగులో ఉంటుంది.

ఇంకో సంగతి. అదే కుండీ మీద ఇంకో రకం కూడా వస్తుంది, కామన్ మార్మన్ అంటారు. మగది నల్లగా, రెక్కల మీద తెల్ల చుక్కల వరస. ఆడదానికి మాత్రం కొన్నిటికి ఎర్ర మచ్చలుంటాయి, అచ్చం కామన్ రోజ్ అనే వేరే జాతిని చూసినట్టే. ఆ రోజ్ ఈశ్వరి తీగ తిని పెరుగుతుంది, ఒళ్ళంతా విషం, పిట్టలు ముట్టవు. దీనికి విషం లేదు కానీ ఆ బట్టలు వేసుకుని బతికేస్తుంది. కుండీకి పురుగుమందు కొట్టకండి, రెండు రెమ్మలు వాటికి వదిలేయండి చాలు.

ఆ పాపకి నా ఆశీస్సులు చెప్పండి. ముప్ఫై మంది క్లాసులో అలా చూసే పిల్ల ఒకరో ఇద్దరో ఉంటారు, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను వాళ్ళ కోసమే చూసేవాణ్ణి.

గుట్టల_శీను

అక్కా మంచి ముచ్చట పెట్టినవ్. అందరు పురుగులు, పిట్టలు రాస్తరు గని నేను రాళ్ళ గురించి రాస్త.

మేం గచ్చిబౌలి దిక్కు ఉంటం, మా చిన్నప్పుడు ఇంటెనక అంత గుట్టలే. మా గల్లీల ఒక తాత ఉండేటోడు, జీవితమంత రాయి కొట్టే పని. ఆయన నాకు రాయి చూసుడు నేర్పిండు. పెద్ద బండ ముంగట కూసోబెట్టి సుత్తితోని ఈ మూలకు ఒకటి ఆ మూలకు ఒకటి కొట్టి "ఇను, ఏడ గణగణ మంటున్నది ఏడ బొద్దుగ పలుకుతున్నది" అనేటోడు. గణగణ అంటే లోపల గట్టి, బొద్దుగ పలికితే లోపట పగులు ఉన్నట్టు. పైకి ఏం కనబడది, సెవికే తెలుస్తది. పగిలిన ముక్క చేతుల పెట్టి ఎండకు తిప్పమనేటోడు. గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, అద్దం తీర్గ మెరిసేది క్వార్ట్జ్, నల్లగ పొరలు పొరలుగ గోటికి ఊడొచ్చేది మైకా. ఈ పేర్లు నాకు కాలేజ్ పోయినంక తెలిసినయి, ఆయన పేర్లు లేకుండనే అన్ని ఏరి పెట్టేటోడు.

మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దగ్గర దగ్గర 250 కోట్ల ఏండ్లు. చెట్లు లేవు, జంతువులు లేవు, చేప కూడ పుట్టలె, అప్పటిది. ఒక బండ మీద ఇంకో బండ నిలబడ్డయ్ చూసి ఎవరో రాక్షసులు పేర్చిన్రు అంటరు. ఎవ్వలు పేర్చలె. అంత ఒక్కటే రాయి, దాంట్ల అడ్డం నిలువు పగుళ్ళు, మన్ను కింద ఉన్నప్పుడే ఆ పగుళ్ళల్లకు నీళ్ళు పోయి మూలలు మొదలు కరిగినయ్, నడిమిల గుండ్రగ మిగిలింది. తర్వాత పైన మన్ను కొట్టుకపోయి బయటపడ్డయ్. అంటే కిందది కిందనే ఉన్నది, మీదది మీదనే ఉన్నది, కోట్ల ఏండ్ల సంది వాటి జాగల అవి ఉన్నయ్. ఖాజాగూడ గుట్ట ఎక్కి చూడున్రి, సెంట్రల్ యూనివర్సిటీల మష్రూమ్ రాక్ చూడున్రి.

మా ఇంటెనక ఇప్పుడు ఒక్క గుట్ట లేదు. బ్లాస్టింగ్ చేసి కంకర జేసి దాని మీదనే టవర్ కట్టిన్రు. చెట్టు నరికితే ఇంకోటి పెట్టొచ్చు, గుట్ట పోతే మళ్ళ రాదు. ఇది నాకు శాన బాధ. 1996ల సొసైటీ టు సేవ్ రాక్స్ అని పెట్టిన్రు ఇక్కడ, వాళ్ళు రాక్ వాక్స్ చేస్తరు, పిల్లల్ని తీస్కపోన్రి.

టెర్రస్_ఉమ

శీను గారూ ఆ సుత్తి చప్పుడు విషయం చదివి మా అబ్బాయిని తీసుకుని అపార్ట్‌మెంట్ వెనక ఉన్న బండ దగ్గరికి వెళ్ళొచ్చాం ఇప్పుడే. నిజంగానే ఒక చోట మోగింది, ఒక చోట మోగలేదు.

నాని_అమలాపురం

ఏవండీ అందరూ చెప్పేది బానే ఉంది కానీ నా మాట కూడా వినండి. నేను ఉద్యోగం కోసం వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నా. మా ఊళ్ళో గుమ్మం దిగితే కాలవ, కాలవ గట్టున కొబ్బరిచెట్లు, గిజిగాడి గూళ్ళు, వేసవిలో కాలవ కట్టేస్తే బురదలో చేపలు చేత్తో పట్టేవాళ్ళం. ఇక్కడ కిటికీ తీస్తే పక్క హాస్టల్ గోడ. ఆకాశం చూద్దామంటే నక్షత్రం ఒక్కటి కనపడదు. కుండీలో పురుగు చూసి సంబరపడ్డం నాకు దిగులుగా అనిపిస్తుందండీ, ఎవర్నీ నొప్పించడానికి కాదు. ఉన్నది పోగొట్టుకుని మిగిలిన దాంతో సరిపెట్టుకుంటున్నాం కదా మనం అందరం అని.

మియాపూర్_మాధవి

నాని గారూ నొప్పి ఏం లేదు, మీరన్నది నిజమే. మాది తెనాలి పక్కన, నేనూ కాలవ గట్టు మీద పెరిగిన దాన్నే. కాలవకి బదులు కుండీ అని నేను అనట్లేదు. అక్కడ ఉన్నప్పుడు మా నాన్నమ్మ చూపించేది, ఇక్కడికొచ్చాక చూపించేవాళ్ళు లేక అలవాటు పోయింది, అది తిరిగొచ్చిందని నా సంతోషం.

టెర్రస్_ఉమ

నాని, రాత్రి నక్షత్రాలు కనపడవు సరే, పట్టపగలు నడినెత్తి మీద సూర్యుడు చాలు. మన దగ్గర ఏడాదికి రెండుసార్లు నీడ మాయమవుతుంది, మే 9న ఒకసారి, ఆగస్టు 3న ఒకసారి. జీరో షాడో డే అంటారు. ఆ రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నిట్టనిలువుగా మీదికి వస్తాడు, నిలువుగా నిలబెట్టిన వస్తువు నీడ దాని కిందే పడిపోతుంది. మేలో 12 గంటల 12 నిమిషాలకి, ఆగస్టులో ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా. ఆ నాలుగైదు నిమిషాలే బాగా తెలుస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో మే నెలలో నేను వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ పెడితే మండే ఎండలో ఎవరొస్తారు అనుకున్నాం, పిల్లలు స్టీలు గ్లాసులు, వాటర్ బాటిళ్ళు, పెయింట్ డబ్బాలు పట్టుకుని పైకొచ్చేశారు. ఐదో అంతస్తు బామ్మగారు, ఎనభై దాటాయి, మెట్లెక్కలేరు, మనవడు లిఫ్ట్ దాకా తీసుకొచ్చి అక్కణ్ణుంచి చెయ్యి పట్టి ఎక్కించాడు. ఆవిడ చేతిలో రోకలి! గ్రహణం రోజు పళ్ళెంలో రోకలి నిలబెట్టడం ఆవిడకి అలవాటు కదా, నీడ లేని రోజు అనగానే అదే గుర్తొచ్చిందంట. అందరి గ్లాసులూ ఒక ఎత్తు, ఆ రోకలి ఒక ఎత్తు. ఎందుకంటే పొడుగు కాబట్టి నీడ కదలడం స్పష్టంగా తెలుస్తుంది. మొదట జానెడు నీడ ఉత్తరం పక్కకి... కాదు, పడమర పక్కకి ఉంది, చూస్తుండగానే దగ్గరికి జరిగి జరిగి అడుగున ఉన్న ఇనప పొన్ను చుట్టూ సన్నటి నల్ల గీత అయింది, తర్వాత ఆ గీత కూడా లేదు. బామ్మగారు వంగి నేల మీద చెయ్యి పెట్టి తడిమి చూశారు. మళ్ళీ తూర్పు పక్కకి నీడ మొలిచేదాకా కిందకి దిగనన్నారు. ఆవిడ రోకలికి పిల్లలంతా ఇప్పుడు పెద్ద ఫాన్స్.

ఆగస్టు 3 దగ్గర్లోనే ఉంది, మబ్బు లేకపోతే అందరూ చూడొచ్చు. గమనిక, సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, నేల మీద నీడనే చూడండి.

నాని_అమలాపురం

ఇది నాకు తెలీదండీ. మరి సరిగ్గా పన్నెండుకి కాకుండా పన్నెండుం పావుకి ఎందుకు? మా ఊళ్ళో కూడా అదే రోజా?

జువాలజీ_మాస్టారు

నాది జువాలజీ అయినా ఇది చెప్పగలను బాబూ. మన గడియారం టైమ్ 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కది, అది మీ కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. హైదరాబాద్ దానికి సుమారు నాలుగు డిగ్రీలు పడమర, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు, అంటే ఇక్కడ సూర్యుడు నడినెత్తికి పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దాని మీద భూమి తిరిగే కక్ష్య వల్ల ఏడాది పొడుగునా కొన్ని నిమిషాలు అటూ ఇటూ తేడా ఉంటుంది, అందుకే మే టైమ్ వేరు, ఆగస్టు టైమ్ వేరు. రోజు సంగతి అక్షాంశాన్ని బట్టి. మీ ఊరు మాకంటే కొంచెం దక్షిణం కనుక మేలో రెండు మూడు రోజులు ముందు, ఆగస్టులో రెండు మూడు రోజులు తర్వాత వస్తుంది. కర్కట రేఖకి పైన ఉన్న ఢిల్లీ వాళ్ళకి ఏ రోజూ రాదు. వాళ్ళ నీడ ఎండాకాలంలో కూడా పూర్తిగా పోదు.

ఖలీల్_శాలిబండ

సలాం అందరికీ, నమస్తే. మాది పాతబస్తీ, నాలుగు తరాల నుంచి. నేను ఒక చెట్టు గురించి చెప్తా. ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో మూసీ వైపు ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది కదా, ఊరు సగం కొట్టుకుపోయిన వరద, అప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. మా దాదీ చెప్పేది, వాళ్ళ నాయన తరం వాళ్ళు ఆ చెట్టు పక్కనుంచి పోయేటప్పుడు చెయ్యి పెట్టి దండం పెట్టినట్టు తాకి పోయేవాళ్ళంట. నన్ను చిన్నప్పుడు ఆమె పట్టుకెళ్ళి చూపించింది, నేను నా కూతుర్ని పట్టుకెళ్ళా. బెరడు మీద చెయ్యి పెడితే లోతైన గాట్లు, వేలు సగం దిగుతుంది. ఆ గాట్లలో చీమల లైను ఒకటి పైకి, ఒకటి కిందకి. నా కూతురు చెట్టుని వదిలి చీమల్ని చూస్తూ నిలబడింది, నేను ఏమీ అనలేదు, చూడనిచ్చా.

ఆ వరద తర్వాతే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ వాగు మీద హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. గండిపేట కట్ట, అదే ఉస్మాన్ సాగర్ కట్ట మీద పిల్లల్తో ఆదివారం పోయేవాళ్ళు ఈ మాట కూడా పిల్లలకి చెప్పండి, ఈ కట్ట ఎందుకొచ్చింది అని.

ఇంకొకటి, మా గల్లీ దాటితే అత్తరు దుకాణాలు. ఒక పెద్దమనిషి మిట్టీ అత్తరు మణికట్టు మీద రాసి, కళ్ళు మూసుకోమని, "ఏ నెల?" అని అడుగుతారు. జూన్! తొలకరి వాన పడిన మట్టి వాసన అది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టి నుంచి తీస్తారు. అసలు వాన వాసన మట్టిలో ఉండే బాక్టీరియా వల్లంట, జియోస్మిన్ అనే పదార్థం, మన ముక్కు దాన్ని లక్ష కోట్లలో కొన్ని వంతులు ఉన్నా పట్టేస్తుంది.

ఓరుగల్లు_పద్మ

ఖలీల్ భాయ్, వాన అన్నరు కాబట్టి నాకు ఉసిళ్ళు యాదికొచ్చినయ్. మొన్న వాన పడ్డ రాత్రి మా ఎల్‌బీ నగర్‌ల ట్యూబ్‌లైట్ చుట్టు వచ్చినయ్. మా ఆయన లైట్ బంద్ చేసి తలుపులేద్దాం అన్నడు, నేను వద్దన్న. మా అమ్మమ్మ ఊర్లె దీపం కింద నీళ్ళ తాంబాళం పెట్టి పట్టేది, పెనం మీద వేయించి పేలాలల్ల కలిపి పెట్టేది, ఆ రుచి ఇంకా నాలుక మీద ఉన్నది. కానీ అమ్మమ్మ నాకు చూపించింది తినుడొక్కటే కాదు. కొన్నిటిని వదిలేసి "నేల మీద చూడు బిడ్డా" అనేది.

అవి కిందపడ్డంక రెక్కలు అవే రాల్చుకుంటయ్, ఎవ్వరు పీకరు. తర్వాత ఒక దాని ఎనక ఒకటి, ముంగటి దాని తోకకు ఎనకటి దాని మూతి ఆనుకోని, గోడ పొంటి పోతుంటయ్. ముంగట పోయేది ఆడది, ఎనక మగది. ముంగటిది ఆగితే ఎనకది ఆగుతది, తిరిగితే తిరుగుతది. అట్ల జాగ వెతుక్కుని మన్నుల దూరి కొత్త పుట్ట మొదలుపెడ్తయ్, అవే రాజు, రాణి. పుట్టల్లకెళ్ళి వేలకు వేలు ఒక్కటే రాత్రి ఎందుకొస్తయంటే పిట్టలు, బల్లులు, కప్పలు ఎన్ని తిన్నా కొన్ని మిగులుతయని. ఆ రాత్రి మా పిల్లలతోని టార్చ్ పట్టుకోని వరండల కూసోని ఒక జంటను గేటు దాక సాగనంపినం. తలుపు మూసేద్దాం అన్న మా ఆయన చివరికి చీమల లైను కాడ అడ్డం కూసున్నడు, వాటికి దారి ఇప్పించనీకి.

చెట్టునీడ

చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల గురించి ఎవరూ రాయలేదేంటా అని చూస్తున్నా. మొయినాబాద్ దాటాక వికారాబాద్ వైపు రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు, వందల సంఖ్యలో ఉంటాయి, నిజాం కాలంలో నాటించారని చెప్తారు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వాటి కోసం జనం ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్ళారు. అక్కడ ఒక చెట్టు కింద చెరుకురసం అమ్మే అమ్మ ఉంటుంది, ఎప్పుడు ఆగినా గ్లాసు ఇచ్చేలోపు రాలిన మర్రిపండు ఒకటి తీసి రెండుగా చీల్చి "చూడు సారూ లోపల లోకం" అని చూపిస్తుంది. నేను అక్కడే మొదటిసారి సరిగ్గా చూశా. చిన్న గోలీ అంత ఎర్రటి పండు, ఆకు మొదట్లో జంటగా కాస్తాయి. లోపల గోడకి గింజల్లా కనిపించేవన్నీ పువ్వులు. అవును, మర్రికి పువ్వు లేదనుకుంటాం, అన్నీ పండు లోపలే పూస్తాయి.

మరి పరాగం ఎలా? గండు చీమ కంటే కూడా చాలా చిన్న కందిరీగ ఒకటి, పండు కొసన ఉన్న సందులోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు దాని రెక్కలు కూడా ఊడిపోతాయి. లోపల పుప్పొడి అంటించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు, అవి ఆడవాటితో కలిసి, పండు గోడకి కన్నం తొలిచి, బయటి వెలుతురు సరిగ్గా చూడకుండానే పోతాయి. ఆ కన్నంలోంచి ఆడవి పుప్పొడితో బయటపడి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. మర్రికో రకం, రావికో రకం, మేడికో రకం. ఒకటి లేకపోతే రెండోది లేదు. మేడిపండు పొట్ట విప్పితే పురుగులు అని చిన్నప్పట్నుంచీ తప్పు పట్టినట్టు చెప్తారు మనకి, ఆ పురుగులు లేకపోతే మేడిచెట్టే లేదు.

ఆ అమ్మకి ఇదంతా ఎవరు చెప్పారని అడిగితే ఎవ్వరూ చెప్పలేదంది. గిరాకీ లేనప్పుడు కూర్చుని చూసిందంట. కన్నం లేని పండు, కన్నం ఉన్న పండు పక్కపక్కన పెట్టి చూపించింది నాకు.

సాయి_ఉప్పల్

దసరాకి పాలపిట్టని చూడ్డం మన ఆనవాయితీ కదా, మా ఏరియాలో పంజరంలో పెట్టుకుని తెచ్చి చూపిస్తారు, పది ఇరవై ఇస్తే చాలు. అదైనా సిటీలో పిల్లలకి చూసే అవకాశం ఉంది కదా అని నా అభిప్రాయం.

గుట్టల_శీను

సాయి తమ్మీ, ఆ పైసలు ఇయ్యకు. దండం పెట్టి చెప్తున్న. వాటిని పట్టి, ఎగరకుండ రెక్కలు కట్టేసి నెలల తరబడి పెడ్తరు, ఎన్నో చచ్చిపోతయ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం గూడ అది. మన రాష్ట్ర పక్షిని మన పండుగ నాడే చంపుకుంటమా? కట్టేసిన పాలపిట్టల చూసేదేముంది, కూసున్నప్పుడు మబ్బుగోధుమ రంగు పిట్ట. అది లేచి రెక్క ఇప్పినప్పుడు చూడాలె, నీలం మీద నీలం! ఆ నీలం రంగు కూడ ఈకల రంగు పూసింది కాదు, ఈక లోపటి కట్టుబడి వెలుతురును అట్ల తిప్పి పంపుతది.

శంకర్‌పల్లి రోడ్డు మీదనో శామీర్‌పేట దిక్కో పొద్దుగాల పో, కరెంటు తీగ మీద కూసోని పొలంల మిడతల కోసం చూస్తుంటది. నువ్వు పిల్లల్ని తీస్కరా, నేను వస్త, దసరా ముందు ఆదివారం. జమ్మిచెట్టు కూడ చూపిస్త.

సాయి_ఉప్పల్

ఆ రెక్కలు కట్టేసే సంగతి నాకు తెలీదన్నా. వస్తాం. మా పెద్దోడికి బైనాక్యులర్ ఉంది.

శ్రవణ్_పద్మారావునగర్

నాది కొంచెం వేరేగా ఉంటుంది. మా నాన్నకి గ్లకోమా వల్ల చూపు పోయింది, ఇప్పుడు వెలుతురు చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. మొదట్లో గదిలోంచి బయటికి వచ్చేవారు కాదు, ఎవరితో మాట్లాడేవారు కాదు. పొద్దున ఐదింటికి వరండాలో కుర్చీ వేయడం మా అమ్మ మొదలుపెట్టింది. ఏం చేస్తారో అని నేను పక్కన టీ తాగుతూ కూర్చునేవాణ్ణి. ఒక రోజు ఆయనే అడిగారు, "రెండు కోకిలలు ఉన్నాయి, రెండోది ఆడది, విన్నావా?" అని. నాకు ఒకటే వినిపించింది. అప్పుడు చెప్పారు, కూ అని పైకి పైకి పోయేది మగది, నల్లగా ఉండేది అదే. కిక్ కిక్ కిక్ అని గబగబా కూసి ఊరుకునేది ఆడది, గోధుమరంగు మీద తెల్ల చుక్కలు. మనం పాటలో పొగిడేదంతా మగ కోకిలనే. ఆడది అరిచిన వెంటనే కాకుల గోల మొదలైతే, గూటి దగ్గరికి వచ్చిందన్నమాట, కాకి గూట్లో గుడ్డు పెట్టడానికి. కాకులు తరుముతున్నాయి అని ఆయన కుర్చీలోంచే చెప్పేవారు, నేను లేచి చూస్తే నిజంగానే వేపచెట్టు పైన రెండు కాకులు దాని వెంట.

ఇప్పుడు మా వీధి మొత్తం ఆయన చెవుల్లో ఉంది. టుక్ టుక్ టుక్ అని ఒకే దరువు ఆపకుండా వచ్చేది కంసాలి పిట్ట అంటారు, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్ర బొట్టు, ఎండిన కొమ్మకి కన్నం చేసుకుని ఉంటుంది. గోడ పక్కన గుబుర్లో ఊప్ ఊప్ అని బొంగురుగా పలికేది జెముడుకాకి. ఉడుత ఆగకుండా చిక్ చిక్ అంటుంటే కింద పిల్లి ఉందని అర్థం. ఒకసారి అలా చెప్తే కిందింటి వాళ్ళు వెళ్ళి చూశారు, చిలక పిల్ల కిందపడి ఉంది, పిల్లి కాచుకుని ఉంది. పిల్లని తీసి తొర్రలో పెట్టేశారు. అప్పట్నుంచీ కిందింటి పిల్లలు స్కూల్‌కి పోయేముందు "తాతా ఇవాళ ఎవరెవరు వచ్చారు" అని అడిగి వెళ్తారు. ఆయన హాజరు పట్టీ చదివినట్టు చెప్తారు.

నాకు కళ్ళున్నాయి, చెవులున్నాయి, ఈ వీధిలోనే పుట్టా. ఇందులో ఒక్కటీ నాకు ఆయన చెప్పకముందు తెలియదు.

ఓరుగల్లు_పద్మ

శ్రవణ్ తమ్ముడూ, ఇది మా ఇంట్ల అందరికి చదివి వినిపించిన. మీ అమ్మగారికి నా దండాలు. కుర్చీ వేసింది ఆమెనే కదా.

అమీన్‌పూర్_అంచున

మాది అమీన్‌పూర్ చెరువు పక్కనే. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, సిటీ ప్రాంతంలో ఇలాంటి గుర్తింపు వచ్చిన మొదటి చెరువు ఇది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి, అందరూ కెమెరాలతో వాటి కోసమే వస్తారు. తల తలకిందులు చేసి నీళ్ళలో ముంచి, ముక్కుతోనే నీళ్ళు వడకట్టి తింటాయి, గులాబీ రంగు కూడా ఆ తినే నాచు, చిన్న రొయ్యల నుంచి వచ్చేదే.

నాకు మాత్రం చెరువు నేర్పింది ఇక్కడ వల వేసే ఒక పెద్దాయన. ఆయన తెడ్డు ముంచకుండానే ఎక్కడ ఎంత లోతు ఉందో చెప్తారు. పొడుగు ఎర్ర కాళ్ళ పిట్టలు నిలబడ్డ చోట జానెడు, కొంగలు నిలబడ్డ చోట మోకాలు, బుడుంగున మునిగి ఇంకోచోట తేలే బాతులాంటి చిన్న పిట్ట ఉన్న చోట మనిషి లోతు, అక్కడికి పిల్లల్ని పోనివ్వొద్దు అంటారు. చెరువులోకి మురుగు వదిలినప్పుడు కూడా మాకంటే ముందు ఆయనకే తెలిసింది, ఆ మునిగే పిట్టలు పడమటి ఒడ్డు వదిలేసి వెళ్ళాయని. మేం కంప్లయింట్లు రాస్తూనే ఉన్నాం, సంతకాల్లో మొదటి వేలిముద్ర ఆయనదే.

నాని_అమలాపురం

కాలవ లేని లోటు లోటేనండీ, అది మారదు. కానీ మిమ్మల్నందరినీ ఒకటి అడగాలి. మా హాస్టల్ వంటమనిషి, శ్రీకాకుళం ఆవిడ, ఇవాళ నన్ను వెనక మెట్ల కింద ఉన్న మొక్క దగ్గరికి తీసుకెళ్ళి చూపించారు. పెద్ద ఆకు ఒకటి దొన్నెలాగ మడిచి, అంచులు కలిపి దారంతో కుట్టేసి ఉంది! ఆకు అంచున చిన్న చిన్న చిల్లులు, ప్రతి చిల్లులోంచి దూది పోగు బయటికి ఉబ్బి ఉంది. లోపల మెత్తగా ఏదో పరిచి ఉంది. ఇది ఏం పిట్ట మాస్టారూ? తోటమాలి రేపు కొమ్మలు కొట్టేస్తాడంట.

జువాలజీ_మాస్టారు

టైలర్ బర్డ్ బాబూ. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది, తోక నిలువుగా ఎత్తి పెట్టుకుని తిరుగుతుంది. ఆడపిట్టే కుడుతుంది. ముక్కుతో ఆకు అంచున చిల్లు పొడిచి, సాలెగూడు పోగో దూదో లాగి అవతలికి తెస్తుంది, ఆ ఉబ్బిన కొస వల్ల పోగు వెనక్కి జారదు. ఆకు మాత్రం చెట్టు నుంచి తెంపదు, బతికే ఉంటుంది కనుక పచ్చగానే ఉండి గూడు ఎవరికీ కనపడదు. మీ వంటమనిషి కంట పడిందంటే ఆవిడ చూపు గొప్పది. ముట్టుకోకండి, ఫోన్ దగ్గరగా పెట్టి ఫోటోలు తియ్యకండి, పదే పదే వెళ్ళకండి, మీరు తిరిగే దారి చూసి కాకులు కనిపెట్టేస్తాయి. తోటమాలిని నెల రోజులు ఆగమనండి, ఆలోపు పిల్లలు ఎగిరిపోతాయి.

నాని_అమలాపురం

ఓనర్‌తో మాట్లాడానండీ, సరే అన్నారు. వంటావిడ ఆ మెట్ల దగ్గర తాడు కట్టేసి, అటు ఎవరూ బట్టలు ఆరేయొద్దని హాస్టల్ మొత్తానికి చెప్పేశారు. ఆవిడ మాట ఇక్కడ ఎవరూ కాదనరు.

శ్రవణ్_పద్మారావునగర్

అమీన్‌పూర్ గారూ, మీ పోస్ట్ నాన్నకి చదివి వినిపించా. చెరువు పిట్టల గొంతులు ఆయన విని చాలా ఏళ్ళైంది. మీకు వీలైనప్పుడు పొద్దున ఒక పది నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసి పంపగలరా?

అమీన్‌పూర్_అంచున

రికార్డింగ్ ఎందుకండీ, ఆయన్నే తీసుకురండి. ఈ ఆదివారం ఆరు లోపు వచ్చేయండి, ఎండ ఎక్కితే పిట్టలు ఊరుకుంటాయి. కారు కట్ట మొదట్లో ఆపొచ్చు, అక్కణ్ణుంచి చదునుగానే ఉంటుంది, నేను ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటా. కూర్చోడానికి మా ఇంట్లో మడత కుర్చీలు ఉన్నాయి. తీతువులు, నీటికోళ్ళు ఇప్పుడు బాగా పలుకుతున్నాయి. వల వేసే పెద్దాయనకి చెప్పాను, ఆయన కూడా ఉంటానన్నారు. వానొస్తే శనివారం రాత్రి మెసేజ్ పెడతా.